మంత్రిగారూ, మిగిలిన ఆరు తాటిమోళ్లనైనా ఉంచండి

గౌరవనీయులైన అటవీశాఖ మంత్రిగారికి,

పాకాల ఆయకట్టు కింద వరి పెట్టుకునే రైతును. మా ఊరి చెరువు కట్ట మీద పాలపిట్టలు గుడ్లు పెట్టే ఎండు తాటిచెట్ల గురించి వరుసగా మూడు సోమవారాలు అర్జీ పట్టుకొని పోయిన. రసీదులు మూడున్నయి, కాగితం మీద జవాబు ఒక్కటి లేదు. ఎండిన చెట్టు మా కిందికి రాదని ఒకరు, కట్ట మాది కాదని ఇంకొకరు నోటిమాటతో పంపిండ్రు.

మే నెలల కట్ట పనికి జేసీబీ వచ్చింది. పద్నాలుగు మోళ్లను ఒక్క పూటల పడగొట్టిండ్రు. వాటిల్ల మూడింటిల పాలపిట్టలు పిల్లలు చేసి ఉన్నయని ముందురోజే చెప్పిన. "పచ్చని చెట్టు కాదు గదా" అన్నరు. ఒక మోడు పడి పగిలితే లోపలి పొట్టంతా బూడిద లెక్క బయటికొచ్చింది. అందుల నాలుగు పిల్లలు. ఈకలింకా విచ్చుకోలేదు, నీలం పుల్లల లెక్క ఒంటికి అంటుకొని ఉన్నయి. ఒకటి మాత్రం నోరు తెరుస్తున్నది. తల్లో తండ్రో తెలువదు, రెండూ మేత తెస్తయి గదా, కరెంటు తీగ మీద మిడతను ముక్కున కరుచుకొని కూర్చున్నది. పొద్దుగూకేదాక ఆ మిడతను మింగలేదు, విడువలేదు.

సార్, పాలపిట్ట తొర్ర తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట తొలిచి విడిచిందో, మొవ్వు రాలి నడుమ కుళ్లిన తాటిమోడో దొరికితేనే గుడ్లు పెడుతది. తొర్ర ఒక్కటుంటే కూడా చాలదు. ఎదురుగ పొలమో బీడో తెరిపిగ ఉండాలె, పైన కూర్చుంటే కింద మిడతలు, పురుగులు కనబడాలె. మా కట్ట మీద ఈ రెండూ ఒక్కకాడ ఉన్నయి కాబట్టే ఏటేటా వచ్చేవి. మూడు నుంచి ఐదు గుడ్లు, పొదుగుడుకు రెండున్నర వారాలు, పిల్లలు ఎగిరేందుకు ఇంకో నెల. అన్నిరోజులు ఆ మోడు నిలబడి ఉండాలె. మార్చి నుంచి జూన్ దాక వాటి కాలం. చెరువు ఎండేది, మీ పనులు నడిచేది కూడా అప్పుడే. పని ఆపమంటలేను. మోళ్లను విడిచి చేయమంటున్న.

మొక్కలు నాటుతమంటున్నరు. నాటండి, సంతోషమే. కని ఇయ్యాల పెట్టిన తాటి గింజ చెట్టై, ముసలిదై, చచ్చి, తొర్ర పడేనాటికి నేనుండ, నా కొడుకుండడు. వచ్చే ఎండాకాలం ఆ పిట్ట ఎక్కడ గుడ్లు పెట్టాలె?

2014ల దాన్ని రాష్ట్ర పక్షి అని సర్కారే ప్రకటించింది. దసరా నాడు అది కనబడాలని పిల్లల్ని భుజాల మీదెక్కించుకొని తిరుగుతం. 1972 వన్యప్రాణి చట్టం అడవి పక్షి గూడును చెదరగొట్టుడును కూడా వేట కిందనే లెక్కగట్టింది. ఇవి మీకు తెలిసినవే, నేను చెప్పేదేమున్నది.

కట్ట అవతలి కొసన ఇంకా ఆరు మోళ్లు మిగిలినయి. మిగతా పని వచ్చే ఎండాకాలం చేస్తరట. వాటికి నంబర్లు వేయించండి. కూలేటట్టున్నది ఉంటే దాన్ని కూడా జూలై దాక ఆగి తీయించండి. చేతులెత్తి మొక్కుతున్న, ఆ ఆరింటిని ఉంచండి. ఒక్కసారి వచ్చి చూసినా సరే. మా చిన్నబాపు నలభై ఏండ్లు తాళ్లెక్కిన మనిషి, ఏ మోడుల ఏ పిట్ట ఉంటదో కింద నిలబడే చూపిస్తడు.

ఇట్లు,
పాకాల ఆయకట్టు రైతు