మరణాల పోలికలో జనాభా లెక్క ఏదీ?

ఇరాక్ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల కంటే అమెరికాలో హత్యకు గురైనవారే ఎక్కువ కనుక యుద్ధభూమే సురక్షితమన్న వాదనను పత్రికలు పరిశీలించకుండా ప్రచురించడం తగదు. 2007లో ఇరాక్‌లో సుమారు 900 మంది అమెరికా సైనికులు మరణించగా, స్వదేశంలో దాదాపు 17,000 హత్యలు జరిగాయి. అయితే మొదటి సంఖ్య రమారమి లక్షన్నర మంది సైనికులకు సంబంధించినది కాగా, రెండోది 30 కోట్ల జనాభాకు చెందినది. లక్ష మందికి లెక్కగడితే సైనికుల మరణాలు 600కు చేరువవుతాయి, హత్యలు ఆరుకు మించవు. నేను చదివిన ఇటువంటి వ్యాసాల్లో ఇరాక్ పౌరుల మరణాల ఊసే లేకపోవడం మరింత బాధాకరం. ఏ పోలికనైనా ప్రచురించే ముందు లక్ష మందికి రేటు, కాలవ్యవధి, వయోవర్గం తప్పక పేర్కొనాలన్న నియమాన్ని సంపాదకవర్గాలు పాటించాలి.