కలెక్టర్ గారూ, పరిశోధనల్ని కథలుగా వినిపించండి

విశాఖ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా అమ్మకి చదవడం రాదు. పెదజాలారిపేటలో రొయ్యలు ఒలుస్తూ, ఫోన్ పీట మీద పెట్టుకుని కథలు వింటుంది. మొన్న నేనే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి గురించి రికార్డు చేసి వినిపించాను. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన ఆయన, కొన్ని నమూనాలు చూసి వేసే అంచనాకీ అసలు సంఖ్యకీ మధ్య తేడా సగటున ఎంతకన్నా తగ్గదో 1945లోనే లెక్కగట్టి చూపించారని, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారని చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. "అంటే, వలలో పడ్డ చేపల్ని చూసి సముద్రంలో ఎన్నున్నాయో చెప్పడం లాంటిదేనా?" అంది. అలాంటి అంచనా గురించేనండీ, అది అసలు సంఖ్యకి ఎంత దగ్గరగా రాగలదో ఆయన చూపించారు!

యూనివర్సిటీ వాళ్లతో మాట్లాడి ఇలాంటివి తెలుగులో పదేసి నిమిషాల ఆడియో కథలుగా చేయించండి. అంధ విద్యార్థుల హాస్టళ్లకీ పంపండి. లెక్కని మాత్రం తీసేయొద్దు, నెమ్మదిగా చెబితే అందరికీ అర్థమవుతుంది. మొదటి కథకి గొంతు నేనిస్తాను.