గండి పూడ్చినచోటే మళ్లీ గండి

సంపాదకునికి,

వానలు తగ్గాక చెరువు కట్టల గండ్లు పూడ్చే పనులు జోరందుకుంటాయి. టిప్పర్లతో మట్టి కుమ్మరించడం, జేసీబీ బకెట్‌తో పైపైన తట్టడం, ఫొటో తీసి బిల్లు పెట్టడం. మరుసటి ఏడు అక్కడే తెగితే నింద వానమీదికి పోతుంది.

గండి ఒరలు, అంటే తెగినచోటి అంచులు, నిట్టనిలువుగా ఉంటాయి. వాటికి ఆనించి కొత్త మట్టి పోస్తే పాతదానితో కలవదు. ఆ అతుకు వెంటే నీరు దారి చేసుకుంటుంది. ముందు ఒరలను వాలుగా చెక్కి, మెట్లు కొట్టి, తడపాలి. అడుగు బురదనూ, వరదలో అడ్డం వేసిన ఇసుక బస్తాలనూ, దుంగలనూ పూర్తిగా తీసేయాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర బుడమేరు వాగు గండ్లను రాళ్లతో మూశారు. ప్రవాహాన్ని ఆపడానికి అది సరైన పనే. అయితే రాళ్ల సందుల్లోంచి ఊట ఆగదు. అత్యవసర అడ్డుకట్ట వేరు, పక్కా కట్ట వేరు.

మట్టిని 20–25 సెంటీమీటర్ల మందాన పరిచి, నీళ్లు చల్లి, 15 సెంటీమీటర్లకు దిగేదాకా రోలర్‌తో తొక్కించాలి. ప్రాక్టర్ సాంద్రతలో, అంటే ప్రయోగశాల పరీక్షలో ఆ మట్టికి వచ్చే గరిష్ఠ సాంద్రతలో, కనీసం 95 శాతం రావాలి. పొడిమట్టిని ఎన్నిసార్లు తొక్కించినా గట్టిపడదు. మరీ తడైతే రోలర్ కింద అటూ ఇటూ జారుతుంది. తూము పక్కకు రోలర్ పోదు కాబట్టి అక్కడ పలచటి పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. ఎవరూ చేయరు. ఊటలు ఎక్కువగా కనిపించేదీ అక్కడే. తేట నీరు ఊరితే గమనిస్తూ ఉంటే చాలు. బురదనీరు వస్తే కట్ట లోపల కోత మొదలైనట్టే. దాన్ని బయటినుంచి బంకమట్టితో మూయకూడదు, నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. చుట్టూ బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి, లోపల ముందు ఇసుక, దానిపై కంకర వేయాలి. నీరు పోవాలి, మట్టి ఆగాలి.

వదులు మట్టి కుంగుతుంది కూడా. 4 మీటర్ల పూడికలో 5 శాతం కుంగినా 20 సెంటీమీటర్ల పల్లం. పెద్ద వరదలో కట్ట పొర్లేది ముందు అక్కడే. మట్టికట్ట పొర్లితే నిలవదని 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టులో చూశాం: మట్టికట్ట కొట్టుకుపోయింది, వరదనీటిని వదిలే కాంక్రీటు స్పిల్‌వే మిగిలింది. చెరువులో మిగులు నీరు పోయే అలుగుపై బస్తాలు పేర్చి, చేపల వలలు బిగించి ఆ దారిని మూసేవాళ్లకు ఇదెవరు చెప్పాలో!

పొరపొరకూ తీసిన సాంద్రత పరీక్ష ఫలితం లేకుండా ఎం-బుక్‌లో (బిల్లుకు ఆధారమైన పని కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కించకూడదు. జూన్‌కు ముందే కట్ట పొడవునా లెవెల్ పెట్టి చూసి, కుంగినచోట ఎత్తు సరిచేయాలి.

— విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, కడప