సాఫ్ట్‌వేర్ లిస్టు తప్పింది, ఇక మళ్లీ చేత్తోనే

మన షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న వాళ్లందరికీ నమస్తే. ఈ సంగతి మన అనంతపురం సప్తగిరి సర్కిల్ టీ కొట్టు దగ్గర ఇంకెవరి నోటో వినే ముందు నా నోటితోనే చెప్పాలని రాస్తున్నాను. ఈ జూన్‌లో జోసా ఆప్షన్ల కోసం, అంటే ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీల సీట్లన్నీ కలిపి ఇచ్చే కౌన్సెలింగ్ కోసం, ఏ కాలేజీ, ఏ బ్రాంచి ఏ వరుసలో పెట్టాలో నా దగ్గర లిస్టు చేయించుకున్న 41 మంది పిల్లల్లో 26 మందికి నేనిచ్చింది తప్పుడు లిస్టు. వాళ్లలో 19 మందికి మొదటి రౌండ్లో ఏదో ఒక సీటు వచ్చింది, ఏడుగురికి ఏమీ రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. నేను లిస్టు రాసే పద్ధతి పాతవాళ్లకు తెలుసు. లాంగ్ నోట్‌బుక్కులో మూడు గళ్లు గీస్తాను: ఎగిరితే అందేవి, చేయి చాపితే అందేవి, ఒళ్లో పడేవి. పోయిన మూడేళ్ల క్లోజింగ్ ర్యాంకులు, అంటే ఒక్కో సీటు ఆఖరుకు ఏ ర్యాంకు దాకా పోయిందో ఆ అంకెలు, పక్కన పెట్టుకుని ఒక్కో పిల్లోడికి గంటన్నర కూర్చునేవాణ్ని. ఈసారి హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్ల మీద ఫోన్లు చేసి, ర్యాంకు కొడితే చాలు, ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో లిస్టు అదే వస్తుందంటే 18 వేలు కట్టి తీసుకున్నాను. కళ్లజోడు నంబరు పెరిగింది, జూన్‌లో రద్దీ పెరిగింది, నాకూ కాస్త సుఖంగా ఉంటుంది కదా అనిపించింది. పదిహేనేళ్లు చేత్తో రాసినోడికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో ఇప్పటికీ అర్థం కాదు.

మన రాష్ట్రం ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఈఏపీసెట్‌లో ఒక్కటే ర్యాంకు. బీసీ అయినా, ఎస్సీ అయినా, ఓసీ అయినా కటాఫ్‌లన్నీ ఆ ఒక్క ర్యాంకు మీదే లెక్క. జోసాలో అట్లా కాదు. ఓపెన్ సీటుకు అందరినీ కలిపిన కామన్ ర్యాంకు చూస్తారు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ సీట్లకు ఆ కేటగిరీ లోపలి ర్యాంకు చూస్తారు. క్లోజింగ్ ర్యాంకుల పట్టికలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, కానీ కొలతలు వేరు. ఆ కంపెనీ వాళ్లు ఈఏపీసెట్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌నే కాస్త మార్చి జోసాకూ అమ్మినారు. అది ఏం చేసిందంటే, పిల్లోడి ఓబీసీ ర్యాంకు తీసుకుని ఓపెన్ క్లోజింగ్‌తో పోల్చింది. ధర్మవరం నుంచి వచ్చిన ఒక పిల్లోడికి కామన్ ర్యాంకు 38 వేలు, ఓబీసీ ర్యాంకు 11,600. ఒక బ్రాంచి ఓపెన్‌లో 14 వేలకు ముగిసిందనుకోండి, సాఫ్ట్‌వేర్ 11,600 చూసి పచ్చరంగు వేసేసింది. నిజానికి ఓపెన్‌లో చూడాల్సింది ఆ 38 వేలు. ఓబీసీ సీటు అయితే ఓబీసీ క్లోజింగ్ చూడాలి, అది 14 వేల దాకా ఎందుకు పోతుంది, అందులో సగానికి చాలా ముందే ముగిసిపోతుంది. ఒళ్లో పడతాయని నేను చెప్పినవన్నీ వాడు ఎగిరినా అందనివి.

వాళ్ల నాన్న మగ్గం నేస్తాడు. పెద్దమ్మాయి లిస్టు కూడా నాలుగేళ్ల కిందట నేనే రాసిచ్చినాను, ఆ నమ్మకంతోనే వచ్చినాడు. 22 ఆప్షన్లు పెట్టి, ఇంకా కొన్ని పెడదామా అన్నా అని అడిగితే, "ఇవి చాలప్పా, కింద ఆరు పచ్చవి ఉన్నాయి కదా" అన్నది నేను. జోసాలో ఇన్నే ఆప్షన్లు పెట్టాలని హద్దు లేదు. పైన పెద్దవి పెట్టినంత మాత్రాన కింద రావాల్సిన సీటు పోదు కూడా, వరుసగా చూసుకుంటూ వచ్చి మొదట అందినది ఇస్తారు. సీటు వచ్చిన ఆ 19 మందిని కాపాడింది నా లిస్టు కాదు, నేను వద్దన్నా వినకుండా ఇంట్లో కూర్చుని ఇంకో నలభై యాభై పెట్టుకోవడమే. ఈశాన్య రాష్ట్రాల ఎన్‌ఐటీలు, పేరు పెద్దగా వినని గవర్నమెంటు సంస్థలు, అట్లాంటివి అడుగున ఉంటే ఈ పిల్లోడికీ ఏదో ఒకటి తగిలి ఉండేదేమో.

ఇంకో మాట కూడా దాచను. ఆప్షన్లు లాక్ చేసే ముందు మాక్ అలాట్‌మెంట్ ఇస్తారు, అంటే అప్పటిదాకా పెట్టిన ఆప్షన్లకు ఏ సీటు వస్తుందో ఉత్తుత్తిగా చూపిస్తారు. అందులో ఈ పిల్లోడికి సీటు చూపలేదు. నేను చూసినాను. చూసి, మాక్ కదా అని పక్కన పెట్టినాను. అప్పటికి ఇంకా చాలామంది ఆప్షన్లే పెట్టలేదు, అప్పుడే రానిది తర్వాత ఎట్లా వస్తుందని అనుమానం రావాలి. తెరమీద పచ్చరంగు చూసి నా బుర్రకు తాళం పడింది. లాక్ అయ్యాక ఇంక తర్వాత రౌండ్లలో దిద్దుకునే వీలు లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే మొదటిరోజు "సార్, మీరే కేటగిరీ తప్పు సెలెక్ట్ చేసి ఉంటారు" అన్నారు. 26 మందికీ తప్పు సెలెక్ట్ చేసినానా? రెండోరోజు "డేటా ఇష్యూ" అన్నారు. మూడోరోజు సోమవారానికి కొత్త వెర్షన్ పంపుతామన్నారు, సోమవారం పంపినారు కూడా. పెట్టి చూస్తే ఈసారి సరిగ్గానే వస్తోంది.

అక్కడే నాకు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. జులైలో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు వస్తాయి, అప్పుడు తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి పొద్దున మొదటి బస్సుకే దిగుతారు. సాఫ్ట్‌వేర్ ఉంటే రోజుకు నలభై మంది. చేత్తో అయితే ఆరుగురు. ఈఏపీసెట్‌లో ఒకటే ర్యాంకు కాబట్టి ఆ తప్పు అందులో జరగదని నాకూ తెలుసు. మా ఆవిడ లెక్క వేసి చూపించింది, ఈ రెండు నెలల సంపాదన మీదే షాపు బాడుగ ఏడాదంతా గడుస్తుందని. మా తమ్ముడైతే "కంప్యూటర్ తప్పు చేస్తే నువ్వెందుకు ఆకలితో పడుకోవాల" అన్నాడు. వాళ్ల మాటలో తప్పు లేదు. కానీ ఆ ధర్మవరం ఆయన పోతూ పోతూ "నువ్వు చేత్తో రాసింటే బాగుండు గదన్నా" అన్నాడు, అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ తీసేసినాను. నా మొండితనం అనుకున్నా పరవాలేదు.

కాబట్టి ఇక రోజుకు ఆరుగురే. ముందుగా ఫోన్ చేసి టైం తీసుకోండి. ఆ 26 మంది ఫీజు వెనక్కి ఇస్తున్నాను, పదకొండు మంది తీసుకున్నారు, మిగతావాళ్లు మొహమాటపడకుండా వచ్చి తీసుకోండి. ఆ ఏడుగురికి ఇంకా రౌండ్లు ఉన్నాయి, ఆశ పూర్తిగా పోలేదు. అప్పటికీ రాకపోతే జోసా అయ్యాక జరిగే సీశాబ్ స్పెషల్ రౌండ్లకు ఆప్షన్లు కొత్తగా పెట్టుకోవచ్చు, ఐఐటీలు ఉండవు గానీ ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ మిగులు సీట్లుంటాయి. ఆ లిస్టూ, ఈఏపీసెట్ లిస్టూ వాళ్లకు డబ్బు తీసుకోకుండా రాసిస్తాను.

వచ్చేటప్పుడు పిల్లోడు ఆరు నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివినాడో కాగితాలు తెండి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పదో తరగతి దాకా ఇక్కడే చదివి ఇంటర్ హైదరాబాద్‌లో చదివిన పిల్లోడు ఈఏపీసెట్‌లో మన లోకలే అవుతాడు, ఎన్‌ఐటీ సీట్ల దగ్గర మాత్రం తెలంగాణ కిందికి పోతాడు. హైదరాబాద్ కాలేజీలను లిస్టులో రాయమని అడిగేవాళ్లకు ఇంకో మాట, 2025 నుంచి తెలంగాణ తన 15 శాతం ఓపెన్ సీట్లను అక్కడి వాళ్లకే ఉంచుకుంది, పాత కటాఫ్‌లు చూసి ఆశపడొద్దు. జోసాకు, సీశాబ్‌కు ఓబీసీ సర్టిఫికెట్ ఈ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదే కావాలి.

మన జేఎన్‌టీయూను "ఇంటి పక్కదే కదా, ఎట్లయినా వస్తుంది" అని ఒళ్లో పడే గడిలో రాయమనొద్దు. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఇక్కడికి వచ్చిన కాలేజీ, అందులో సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, ఎవరి ఒళ్లోనూ పడదు. ఇంకోటి, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రెండో ఫేజ్‌లో సీటు మారితే మొదటి ఫేజ్ సీటు దానంతటదే పోతుంది. చేతిలో ఉన్నదానికంటే మేలైనవే రెండోసారి పెట్టాలి, ఊరికే చూద్దామని పెట్టేవాళ్లకు నేను రాయను.

ఏదో ఒక ప్రైవేటు కాలేజీని లిస్టు పైకి ఎక్కించమని నాకు కమిషన్ ఇస్తామనేవాళ్లు ఈ ఏడాదీ వచ్చినారు. వాళ్లకు టీ ఇప్పించి పంపినాను. ఈ నష్టంలోనూ అదే జవాబు.

ఆదివారం కూడా షాపు తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా అన్నానికి ఇంటికి పోతాను, అప్పుడు మాత్రం ఫోన్ చేయొద్దు.