పైకప్పు మార్చే ఖర్చు ఎక్కడ పెరుగుతోంది?

సంపాదకులకు,

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పెచ్చులూడుతున్న పాత స్లాబు తీయించి కొత్తది వేయించుకోవాలనుకునేవారు ఇక భారం తగ్గినట్టేనని అనుకుంటున్నారు. ఆ లెక్క ఒకసారి కాగితం మీద పెడదాం. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఆరంగుళాల స్లాబు వేస్తే సుమారు 14 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరుకు 360 కిలోల చొప్పున సిమెంటు వంద బస్తాలు. పన్నుకు ముందు బస్తా ధర 300 రూపాయలు అనుకుంటే, తగ్గిన పన్ను వల్ల మిగిలేది బస్తాకు 30, మొత్తం మీద మూడు వేలు. ఇక దించాల్సిన పాత స్లాబు అయిదంగుళాలదైతే, అదొక్కటే దాదాపు 28 టన్నులు. ట్రాక్టరుకు మూడు టన్నులు వేసినా తొమ్మిది పది ట్రిప్పులు. సిమెంటు మీద మిగిలిన డబ్బు ఆ ట్రాక్టర్ల కిరాయికే చాలదు.

కొత్త ఇంటి స్లాబుకూ పాత ఇంటి స్లాబు మార్పిడికీ అసలు తేడా ఇదే. మార్పిడిలో ఖర్చు సరుకులో కన్నా పనిలో ఎక్కువ. కూల్చే కూలి, కూల్చేటప్పుడు కింద నిలబెట్టే సపోర్టులు, సందులోకి లారీ రాకపోతే తలమీద మోత, కాంక్రీటు పంపు, సెంట్రింగ్ అద్దె, కరెంటు పైపులు మళ్లీ వేయడం, లోపలి ప్లాస్టరింగ్, వాటర్ ట్యాంకు దించి ఎక్కించడం. కాంట్రాక్టరు ‘అడుగుకు ఇంత’ అని ఒకే అంకె చెబితే అందులో వీటిలో సగం ఉండవు. పని మధ్యలో ఒక్కొక్కటే బయటికొస్తాయి, అప్పటికి ఇంటిమీద కప్పు ఉండదు కాబట్టి బేరం ఆడే అవకాశమూ ఉండదు. అందుకే పై పద్దులన్నీ విడివిడిగా రాయించుకున్నాకే గునపం దింపాలి.

అంతకన్నా ముందు తేలాల్సింది, స్లాబు మొత్తం మార్చాలా వద్దా అన్నది. చిన్న సుత్తితో లోపలి కప్పంతా గడి గడిగా తట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చే చోట్లు తెలుస్తాయి. వాటిని సుద్దతో గీసుకుని, రెండు మూడు చోట్ల పెచ్చు తీసి చువ్వ చూడాలి. తుప్పు గీకేశాక 8 ఎంఎం చువ్వ 6 ఎంఎంకు దిగి ఉంటే వినడానికి రెండు మిల్లీమీటర్లే, కానీ దాని కోత వైశాల్యంలో 44 శాతం పోయింది. చాలా గదుల్లో ఇదే స్థితి ఉంటే మాట్లు వేయడం దండగ. బాత్రూము పక్కనో పిట్టగోడ వెంబడో మాత్రమే ఉంటే మరమ్మతు సరిపోతుంది. ఆ మరమ్మతు కూడా పద్ధతిగా చేయాలి. చువ్వ వెనక అంగుళం లోతు వరకు కాంక్రీటు తీసి, చుట్టూ తుప్పు వదలగొట్టి, రక్షణ పూత వేసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. తుప్పు మీదే సిమెంటు పూస్తే రెండు వానాకాలాలు కూడా నిలవదు. చుట్టూ ఉన్న ఉప్పు పట్టిన కాంక్రీటును వదిలేసి నడిమధ్య మాత్రమే బాగుచేస్తే, కొత్త మాటు అంచునే తుప్పు మళ్లీ మొదలవుతుంది. మేస్త్రి పని చెడగొట్టాడని తిట్టుకుంటారుగానీ చాలాసార్లు కారణం ఇదే.

విశాఖలో స్లాబులు ఇంత త్వరగా ఎందుకు పోతున్నాయంటే సముద్రపు గాలి సగం, మనం సగం. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వను చేరితే తుప్పు పుడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును పగలగొట్టి తోసేస్తుంది. ఉప్పు చువ్వ దాకా చేరడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది చువ్వకు కింద ఉన్న కాంక్రీటు మందం (కవరు) మీద, కాంక్రీటు చిక్కదనం మీద ఆధారపడుతుంది. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటును భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 ‘తీవ్ర’ తరగతిలో పెట్టింది. దానికి కనీసం ఎం30 బలం తరగతి కాంక్రీటు, 45 ఎంఎం కవరు, సిమెంటుకు 0.45 వంతుకు మించని నీరు. ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బేలోనో పెచ్చూడిన ఏ పాత స్లాబు కిందైనా నిలబడి చూడండి. కవరు 15, 20 ఎంఎం మించి కనిపించడం అరుదు.

ఇక్కడే ఒక చిక్కుంది. పాత స్లాబు అయిదంగుళాలు కాబట్టి కొత్తదీ అంతే వేయమని, కవరు మాత్రం 45 పెట్టమని యజమాని అడుగుతాడు. అలా చేస్తే చువ్వలు స్లాబు నడుముకు జరిగి బలం బాగా పడిపోతుంది. కవరు పెంచితే మందమూ పెరగాలి, ఆరంగుళాల లెక్క అందుకే వేశాం. మందం పెరిగితే బరువూ పెరుగుతుంది. ఆ బరువును కింది గోడ మోస్తుందో లేదో ఇంజనీరు చేత చూపించుకోకుండా ముందుకెళ్లకూడదు. వన్ టౌన్ వైపు మట్టి అడుసుతో కట్టిన గోడల మీద బెంగుళూరు పెంకులు తీసి స్లాబు వేయాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం. పెంకుల కప్పు చదరపు మీటరుకు 65 కిలోలుంటే స్లాబు 350 దాటుతుంది. అలాంటి గోడల మీద మళ్లీ పెంకులే వేసుకోవడం చవక, క్షేమం కూడా.

నీళ్ల విషయం చెప్పకుండా ఉండలేం. 0.45 లెక్కన బస్తా సిమెంటుకు 22.5 లీటర్లు, అందులో ఇసుకలోని తడి కూడా కలుపుకోవాలి. పోతకు సులువుగా ఉంటుందని ముప్పై, ముప్పై అయిదు లీటర్లు పోస్తారు. ఆ అదనపు నీరు ఆరిపోయాక మిగిలే సన్నని రంధ్రాల్లోంచే ఉప్పు లోపలికి దారి చేసుకుంటుంది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుకోవాలి తప్ప నీళ్లు కాదు. తీరానికి దగ్గర బోరు నీళ్లయితే వాడేముందు పరీక్ష చేయించాలి. ఆర్‌సీసీకి (చువ్వలు వేసిన కాంక్రీటుకు) వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. ఇసుక 2024 జులై నుంచి ఉచితమే అయినా విశాఖకు వంశధార, నాగావళి, గోదావరి నుంచి రావాలి. దూరం కిరాయి తప్పదు. అందుకని అనకాపల్లి, ఆనందపురం వైపు క్వారీల్లో రాయి పిండి చేసి తీసే రోబో ఇసుక వాడితే తప్పేమీ లేదు, ఇసుక, కంకరల ప్రమాణం ఐఎస్ 383 దాన్ని ఒప్పుకుంటుంది. దుమ్ము ఎక్కువున్నది మాత్రం తీసుకోవద్దు. సిమెంటులో ఇనుము కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు ఉప్పును బాగా అడ్డుకుంటుంది. దానికి క్యూరింగు (తడుపుతూ ఉంచడం) ఎక్కువ రోజులు కావాలి, పది రోజులు కనీసం, పద్నాలుగు మేలు. నాలుగో రోజుకే తడపడం మానేస్తే ఆ సిమెంటు కొన్న ప్రయోజనం పోయినట్టే.

కూల్చడంలో ప్రమాదాలు ఎక్కువ జరిగేది బాల్కనీల దగ్గర. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీని పట్టి ఉంచేది లోపలి స్లాబు బరువు, అందులోకి దిగిన పై చువ్వలు. లోపలి గది స్లాబు ముందు కొట్టేస్తే బాల్కనీ ఒక్కసారిగా తిరగబడుతుంది. మొదట ట్యాంకులు ఖాళీ చేసి దించాలి, తర్వాత పిట్టగోడ తీయాలి, బాల్కనీ కింద, పక్క గదుల్లో సపోర్టులు బిగించాలి, ఆ తర్వాతే స్లాబు. ముక్కలన్నీ కింది అంతస్తు స్లాబు మీద కుప్ప పోయడం మరో తప్పు. అడుగున్నర ఎత్తు శిథిలాల కుప్ప చదరపు మీటరుకు అరటన్నుకు పైగా బరువు. ఇంటి స్లాబును డిజైన్ చేసేది 200 కిలోలకే.

రేకుల ఇళ్ల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి రేకుల్ని ఎలా ఎత్తుకుపోయిందో అందరూ చూశారు. కట్టడాల మీద గాలి భారానికి ఉన్న ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. జింకు పూత ఉన్న జీఐ రేకు బరువు చూస్తే అదే లెక్కన 5 కిలోలు. కాబట్టి రేకును నిలబెట్టేది దాని బరువు కాదు, స్క్రూలు. రేకులను మోసే అడ్డకమ్మీల (పర్లిన్ల) మధ్య నాలుగడుగులు, స్క్రూకూ స్క్రూకూ మధ్య అడుగు దూరం ఉంటే ఒక్కో స్క్రూ మీద పడేది దాదాపు 56 కిలోలు. ఖర్చు తగ్గించాలని రెండడుగులకు ఒకటి వేస్తే అది దాదాపు 112 కిలోలు. చూరు, కొప్పు, పక్క అంచుల దగ్గర గాలి లాగే బలం ఇంకా ఎక్కువ, అక్కడ మడత విడిచి మడతకు స్క్రూ పడాలి. ముడతల రేకుకు స్క్రూ మడత శిఖరం మీదే వేయాలి, పల్లంలో వేస్తే నీరు దిగుతుంది. రబ్బరు వాషరు చితికేదాకా బిగించినా కారుతుంది. చూరు గోడ దాటి అడుగున్నరకు మించకూడదు. రేకులు గట్టిగా ఉన్నా వాటిని మోసే చట్రం (ట్రస్సు) గోడకు పట్టు లేకపోతే మొత్తం కప్పే లేస్తుంది. గోడ పైన ఆర్‌సీసీ బెల్టు వేసి బోల్టులు అందులోకి దించాలి. కంచరపాలెం, ఆరిలోవల్లో కొండవాలు మీద ఉన్న ఇళ్లకు గాలి వేగం మైదానం కన్నా మూడో వంతు దాకా పెరగవచ్చని అదే ప్రమాణం చెబుతోంది. ఊళ్లో స్క్రూలు చాలినంత చోట కొండమీద చాలవు. రేకుల మీద రాళ్లు, టైర్లు పెట్టేవారికి ఒక మాట, తుపానులో అవి పక్కింటి మీదికి ఎగిరే సామాను.

రేకును గ్రైండరుతో కోయడం కూడా మానాలి. ఆ నిప్పురవ్వలు జింకు పూతను కాల్చేస్తాయి, మన గాలికి ఆ కోత అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. కత్తెరతో కోయించాలి.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఖనిజం ఉంటుంది. వాటి మీద నేరుగా నడిచి మధ్యలోంచి పడి ప్రాణాలు పోగొట్టుకునే కూలీలు ఉన్నారు, పర్లిన్ల మీద పలకలు వేసుకునే నడవాలి. విప్పేముందు రేకును నీళ్లతో తడపాలి, హుక్కు బోల్టులు కోసి రేకును అఖండంగా దించాలి, పగలగొట్టి విసరకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. పాలిథిన్‌లో చుట్టి విడిగా పంపాలి.

ఇక నిబంధనలు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2016 నమూనా భవన నిబంధనల్లో ఉన్న ఎత్తులోనే పైకప్పు మార్చుకోవడానికి నోటీసు, అనుమతి రెండూ అక్కర్లేదని స్పష్టంగా ఉంది. నమూనా నిబంధనలు వాటంతటవే చట్టం కావు, ఇక్కడ నడిచేవి 2017 ఏపీ భవన నిబంధనలు, వాటి సవరణలు. ఎత్తు పెంచినా, పైన మెట్ల గది వేసినా, కొత్త పిల్లర్లు లేపినా అది మరమ్మతు కిందికి రాదు, ప్లాను కావాల్సిందే. తీరం దగ్గర తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్)-2 పరిధిలో అనుమతి ఉన్న పాత కట్టడాన్ని వినియోగం మార్చకుండా తిరిగి కట్టుకోవడానికి 2019 నోటిఫికేషన్ వీలిచ్చింది. అక్కడ మెలిక ‘అనుమతి ఉన్న’ అన్న మాటలో ఉంది. ఆస్తి పన్ను రసీదు ఆ అనుమతికి రుజువు కాదు, పాత ప్లాను నకలు వెతికి పెట్టుకోవాలి. పెంకులు తీసి స్లాబు వేస్తే పన్ను లెక్కలో ఇంటి తరగతి మారుతుందన్నదీ ముందే తెలిసి ఉండాలి.

మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఉన్న ఎత్తులో పైకప్పు మార్చుకునే గృహస్థు ఏ కాగితం ఇవ్వాలో, ఏది ఇవ్వనక్కర్లేదో ప్రతి వార్డు సచివాలయంలో ఒక్క పేజీలో తెలుగులో అంటించాలి. ఇంటి శిథిలాలు ఎత్తడానికి టన్నుకు ఇంత అని ధర ప్రకటించి, ఫోను చేస్తే బండి పంపాలి. చిన్న గృహస్థుల శిథిలాలు సేకరించే బాధ్యతను 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలే స్థానిక సంస్థ మీద పెట్టాయి. అది జరగక అవి రాత్రికి రాత్రి గెడ్డల్లోకి (వాననీటి వాగుల్లోకి) చేరుతున్నాయి, వానొస్తే ముంపు లోతట్టు వీధులకు. కాంక్రీటు పోసే ముందు రోజు వార్డు ప్లానింగ్ కార్యదర్శి వచ్చి కవరు బిళ్లలు, చువ్వల దూరం చూసి సంతకం పెట్టే ఏర్పాటు ఉంటే అరగంట పని.

అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం వాసుల సంగతి ఇంతకన్నా కష్టం. సింహాచలం దేవస్థానం భూముల వివాదం తేలక కారుతున్న కప్పు మార్చుకోవడానికీ అక్కడివారు జంకుతున్నారు. భూమి హక్కు ఎవరిదన్నది కోర్టులు, ప్రభుత్వం తేల్చేదాకా తేలకపోవచ్చు. ఆ హక్కుతో ముడిపెట్టకుండా, ఉన్న గోడల మీద ఉన్న ఎత్తులో కప్పు మార్చుకోవడం వరకు దేవస్థానం, జీవీఎంసీ కలిసి రాతపూర్వకంగా వెసులుబాటు ఇవ్వాలి. పని మొదలుపెట్టి పూర్తిచేయడానికి జనవరి నుంచి మే వరకే అనువైన కాలం, ఆ ఉత్తర్వు ఆ కాలం రాకముందే రావాలి.

ఇట్లు,
ఇళ్ల మరమ్మతుల పనిలో ఉన్న కొందరు సివిల్ ఇంజనీర్లు,
విశాఖపట్నం