ఒంటరిగా పడవ నడిపేటప్పుడు బరువు సర్దుకోవడం గురించి

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీస్సులు.

చేపలకు మేత వేసే మనిషి వాళ్ళ ఊరు వెళ్ళాడనీ, అతను వచ్చేదాకా ఉప్పుటేరు దాటి అవతలి చెరువుకు నువ్వే వెళ్తున్నావనీ అమ్మ ఫోనులో చెప్పింది. మోకాలి ఆపరేషన్ వల్ల నేను అక్క వాళ్ళింటి నుంచి ఇప్పట్లో కదలలేను కాబట్టి, ఇద్దరి కోసం చేసిన పడవను ఒక్కడే నడిపేటప్పుడు బరువు ఎలా సర్దుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ఏరు దాటే మన ఫైబర్ పడవ పొడవు 16 అడుగులు. ముందొకరు, వెనకొకరు కూర్చుంటే అది నీటి మీద సమంగా ఆనుతుంది. నువ్వొక్కడివే వెనుక బల్ల మీద కూర్చుని మోటారు పట్టుకుంటే మాత్రం వెనుక కొస అమరం దిగబడి, ముందు కొస అణియం పైకి లేస్తుంది. లేచిన ముందు భాగాన్ని పైరగాలి సులువుగా తోసి, పడవను ఏటికి అడ్డం తిప్పేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఒరగడం. మన పడవ నడుమ వెడల్పుగా, కొసల దగ్గర సన్నంగా ఉంటుంది. ఆ వెడల్పు భాగం నీటి మీద సరిగా ఆనకుండా బరువంతా సన్నని కొస మీద పడితే, నువ్వు కాస్త పక్కకు వంగినా పడవ నీతోపాటు వంగుతుంది.

ఏతం లెక్కే ఇక్కడా పనిచేస్తుంది: బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, నడుమ నుంచి ఎంత దూరాన ఉందన్నది కూడా చూడాలి. నువ్వు 60 కిలోలు ఉంటావనుకుందాం. కిలోలను అడుగులతో గుణిస్తే, నడుమకు 5 అడుగుల వెనుక కూర్చున్న నీకు 300, 8 అడుగుల దూరాన బిగించిన 12 కిలోల మోటారుకు 96, మొత్తం 396. దీన్ని తూచడానికి ముందు వైపు 6 అడుగుల దగ్గర 66 కిలోలు పెట్టాలి. అదే మోటారు హ్యాండిల్‌కు గట్టి ప్లాస్టిక్ పైపు తొడిగి, బోల్టు వేసి, నువ్వు 3 అడుగులు ముందుకు జరిగి కూర్చుంటే మొత్తం 216కు తగ్గుతుంది. 36 కిలోలు చాలు. బరువులు మోసే ముందు మనిషి జరగడం మేలని నేను అనేది అందుకే.

పోయేటప్పుడు తవుడు బస్తాలు ముందు వైపు ఉంటాయి గనుక పడవ బుద్ధిగానే పోతుంది. బస్తాలు అవతలి గట్టున దింపేశాక, ఖాళీ పడవ తేలికే కదా అన్న ధీమాతో బయలుదేరే తిరుగు ప్రయాణమే అసలు జాగ్రత్త పడవలసింది. అందుకు 20 లీటర్ల మంచినీళ్ళ టిన్నులు రెండు పడవలోనే ఉంచు. బస్తాలు దింపగానే వాటిని ఏటి నీళ్ళతో నిండా నింపి, మూత బిగించి, నడుమకు 5 అడుగుల ముందు పక్కపక్కనే తాడుతో కట్టెయ్యి. అప్పటికీ వెనుక వైపు రవ్వంత బరువు మిగులుతుంది. మోటారు ఫ్యాను నీళ్ళలో మునిగి ఉండటానికి ఆ మాత్రం కావాలి. సగం నింపిన టిన్ను పనికిరాదు, పడవ ఒరిగిన వైపే నీళ్ళూ పరిగెడతాయి. రాళ్ళు, ఇటుకలు అసలే వద్దు; పడవలోకి నీళ్ళు వస్తే అవి దాన్ని ముంచుతాయి, నిండు టిన్ను మాత్రం నీళ్ళలో దాదాపు బరువు లేనట్టే ఉంటుంది. పడవ అడుగున చేరిన నీళ్ళను కూడా బయలుదేరే ముందే డబ్బాతో తోడెయ్యి. బరువంతా ఎక్కించాక పడవ అంచు నీటికి జానెడు ఎత్తున లేకపోతే ఒక బస్తా దింపి, రెండో దఫా వెళ్ళు.

చెరువులో ఉన్న చిన్న దోనెతో పని వేరు. అక్కడ మోటారు లేదు, గాలి బాధ తక్కువ, అయినా మనుషులు పడేది ఎక్కువగా అక్కడే. వెదురు గెడలకు కట్టిన మేత సంచి నీళ్ళలో ఉన్నంతసేపూ తేలికగా తోస్తుంది. అంచు మీదుగా పైకి లాగేకొద్దీ దాని తడి బరువంతా ఆ ఒక్క అంచు మీదికి వచ్చి పడుతుంది. సరిగ్గా ఆ క్షణానే నువ్వూ అదే వైపు వంగి ఉంటావు. అందుచేత దోనెను గెడ పక్కకు నిలువునా చేర్చి, మోకాళ్ళు వెడల్పుగా ఉంచి నడుమ కూర్చో. సంచి నోరు నీటి పైకి తెచ్చి, చిల్లుల్లోంచి నీళ్ళు కారనిచ్చి, అప్పుడు మెల్లగా లోపలికి దొర్లించు. తల అంచు దాటి బయటికి పోకూడదు. కొత్త సంచులు 25 కిలోలకు మించకుండా కట్టించు. నింపిన సంచులు నడుమకు అటూ ఇటూ ఉంచి, ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి తీస్తూ ఖాళీ చెయ్యి. మీ తాతగారి కాలపు తాటి దోనెలైతే ఇంకా దొర్లేవి, అందుకే బరువులకు రెండింటిని జతచేసి సంగడి కట్టేవారు.

ఏటి మధ్యలో మోటారు ఆగిపోతే లేచి నిలబడి తాడు లాగవద్దు. కూర్చునే లాగు, అదీ హ్యాండిల్ పక్కకు తిరగకుండా తిన్నగా ఉందని, వేగం తగ్గించి ఉందని చూసుకున్నాకే. తెడ్డు వెయ్యవలసి వస్తే నడుమకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చో. ఎదురుగాలిలో టిన్నులను ఒక అడుగు ముందుకు, వెనుకగాలిలో ఒక అడుగు వెనక్కు జరిపితే పడవ దారి తప్పదు. పెద్ద పడవ అల వచ్చినప్పుడు వేగం తగ్గించి, అలకు ఏటవాలుగా ఎదురు వెళ్ళు. పడవ తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండు, ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించినా ఈత కొట్టవద్దు. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద బిగించి ఉండాలి; ఇంజను ఆపే తాడు మణికట్టుకు తగిలించుకోవాలి.

టిన్నులు పంపు షెడ్డులో డీజిల్ డ్రమ్ము వెనుక ఉన్నాయి. ఒకదాని మూత వదులు, కైకలూరు వెళ్ళినప్పుడు కొత్తది తెచ్చుకో. పైపు తొడిగాక ముందు గట్టు పక్కనే, లోతు లేని చోట, బస్తాలు లేకుండా నడిపి చూసి నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
నాన్న