వార్షిక నివేదిక: కొనని హీటర్లు, మూసిన సందులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది కరెంటు బిల్లుల గురించే. చలికాలంలో హీటర్ వేస్తే బిల్లు టెన్షన్, ఆపితే వణుకు. ఏదో ఒకటి చేయమని మీరంతా గట్టిగా అడిగారు. ఆ రోజు కమిటీకి తోచిన ఉపాయం ఒక్కటే: మంచి హీటర్లు చూసి, అందరికీ కలిపి ఒకేసారి కొని, ధర తగ్గించుకోవడం. చాలా రోజులు ఆ పని మీదే తిరిగాం. చివరికి ఒక్క హీటరూ కొనలేదు. ఎందుకు కొనలేదో ముందు చెప్పాలి.

కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తుంటే, కరెంటు పనులు తెలిసిన సభ్యుడొకరు ఓ మాట అడిగారు. “ఆయిల్ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా, కాయిల్ హీటరైనా ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడే కదండీ ఇచ్చేది? ఏది కొంటే మాత్రం ఏం మిగులుతుంది?” మా దగ్గర జవాబు లేదు. 2,000 వాట్ల హీటర్ రోజుకు 5 గంటలు ఆగకుండా నడిస్తే 10 యూనిట్లు, నెలకు 300 యూనిట్లు. పెట్టె మీద ఏం రాసి ఉన్నా ఈ లెక్క మారదు. ఆయిల్ హీటర్ ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, ఫ్యాన్ హీటర్ వెయ్యగానే వేడి తగులుతుంది. తేడా అంతవరకే. ఇంట్లో పుట్టిన వేడి ఎంతసేపు నిలుస్తోంది, ఎటు పోతోంది అన్నది చూడకుండా హీటర్లు మార్చడం చిల్లుబిందెకు కొత్త చెంబుతో నీళ్లు పోయడమే.

చలిగాలి వేట

దాంతో ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాం. గాలి బాగా వీచే రోజు చూసుకుని తలుపులు, కిటికీలు మూసేసి, మంటతో నడిచేవన్నీ ఆర్పేసి, వెలిగించిన అగరుబత్తిని అంచుల వెంట నెమ్మదిగా తిప్పాం. పొగ ఎక్కడ పక్కకు వంగితే అక్కడ సందు ఉన్నట్టు. వాకిట్లో పెద్ద ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కల్‌ల (పాస్కల్ అంటే పీడనం కొలిచే ప్రమాణం) గాలి పీడన తేడా సృష్టించి లీకేజీ కొలిచే పరీక్ష ఒకటుంది. మాకు అంత హంగు అవసరం పడలేదు.

కిటికీ రెక్కల మధ్య, గోడలోంచి పైపు బయటికి వెళ్లే చోట, బయటి గోడ మీది స్విచ్‌బోర్డుల వెనక సందులు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా వీధి తలుపు కింద. లెక్క వేసి చూడండి: 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు కింద 1 సెంటీమీటరు ఖాళీ ఉంటే, అది మొత్తం 90 చదరపు సెంటీమీటర్లు. గోడకు అరచేయంత కన్నం పడితే ఆ పూటే మేస్త్రీని పిలుస్తాం. అదే కన్నం తలుపు కింద సన్నగా పరుచుకుని ఉంటే ఏళ్ల తరబడి పక్కనుంచే నడిచి వెళ్లిపోతాం.

కొన్ని ఇళ్లలో కింద ఎంత మూసినా కాళ్లు చల్లబడుతూనే ఉన్నాయి. కారణం పైన ఉంది. వెచ్చని గాలి తేలిక కాబట్టి పైకి చేరి, అటక మూత చుట్టూ ఉన్న సందుల్లోంచి జారుకుంటుంది. అది పోయిన చోటు భర్తీ చేయడానికి కింద నుంచి చలిగాలి లోపలికి వస్తుంది. పాదాలకు తగిలే చలికి మందు అటక దగ్గర వేయాలన్నది ఈ ఏడాది మేం నేర్చుకున్న పాఠాల్లో నాకు బాగా నచ్చింది. ఫోమ్ టేపు, తలుపు కింద బిగించే బ్రష్ పట్టీ, సిలికాన్ ట్యూబు, ఒక నిచ్చెన: ఇదే మన సామాను. సంఘం గదిలో ఉంటుంది, పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లండి. నిచ్చెన తీసుకెళ్లిన వారు తిరిగి ఇవ్వడం కూడా గుర్తుపెట్టుకోవాలని మనవి.

అటకలు

సందులు మూశాకే ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా పరిచే పొర, జోలికి వెళ్లాం. గ్లాస్‌వూల్ (దూదిలా ఉండే గాజు దారాలు) వేడిని ఆపేది దాని దారాల మధ్య కదలకుండా ఉండే గాలి వల్ల. అందుకే దాన్ని నొక్కి కుక్కకూడదు. అటక మీద పరిచిన గ్లాస్‌వూల్ దుప్పటి మీదే పాత ట్రంకు పెట్టెలు పేర్చిన ఇళ్లు చూశాం, అక్కడ సగం పని వృథా. చలి దేశాల్లో అటకకు 25 నుంచి 30 సెంటీమీటర్ల మందం వేయడం మామూలు. చూరు దగ్గర గాలి ఆడే దారి మాత్రం మూయొద్దు, లేకపోతే కప్పు చెక్క చెమ్మ పడుతుంది. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేకుండా ఎవరూ ఎక్కొద్దు. ఒక రోజంతా దురదతో గోక్కున్న వాడిగా చెబుతున్నాను.

మేం చేసిన పొరపాటు

ఒక ఇంట్లో ఉత్సాహం హద్దు దాటింది. గాలి దూరే ప్రతి చోటూ మూసేశాం, స్నానాల గది వెంటిలేటర్‌తో సహా. కొన్ని వారాలకు పడకగది మూలలో నల్లటి బూజు. మూడేసి రోజులు బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నారు కూడా. తప్పు వాళ్లది కాదు, మాది. 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గాజు మీదైనా, గోడ మీదైనా నీరు పడుతుంది. వెంటిలేటర్ తెరిచి, ఎదురెదురు కిటికీలు రోజుకు రెండు సార్లు 5 నుంచి 10 నిమిషాలు బార్లా తీయమన్నాం. అంతసేపట్లో గాలి మారుతుంది గానీ గోడల్లోని వేడి పోదు. రోజంతా కిటికీ ఓరగా తెరిచి ఉంచడం కంటే ఇదే నయం. బీరువాలను కూడా బయటి గోడకు ఆనించకుండా కాస్త జరిపారు. బూజు తుడిచాక మళ్లీ రాలేదు.

డిగ్రీల లెక్క

అనుకున్న వేడి రాగానే హీటర్‌ను ఆపే థర్మోస్టాట్ ఎంతలో పెట్టాలన్న దాని మీద ప్రతి ఇంట్లోనూ గొడవే, మా ఇంట్లో సహా. ఇంటి నుంచి పోయే వేడి లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 5, లోపల 20 అయితే తేడా 15. ఒక్క డిగ్రీ తగ్గిస్తే పదిహేనో వంతు, అంటే దాదాపు 7 శాతం నష్టం తగ్గుతుంది. 28కి తిప్పితే గది త్వరగా వేడెక్కుతుందనేది అపోహ. మామూలు హీటర్ వేగం మారదు, ఆగాల్సిన చోట ఆగదు, అంతే.

అలాగని పొదుపు పేరుతో చలిలో కూర్చోమని సంఘం ఎవరికీ చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని సూచించింది. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, గుండె జబ్బులు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువే ఉంచండి. ఒంటరిగా ఉండే పెద్దల గదుల్లో థర్మామీటర్లు పెట్టి వచ్చాం. “నాకేం చలి లేదు బాబూ” అన్న పెద్దావిడ గదిలో థర్మామీటరు 14 చూపించింది. ఆవిడ గదినే ముందు బాగుచేశాం.

బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టొద్దు. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవు. ఈ విషయంలో మాత్రం ఎవరితోనూ మొహమాటపడలేదు.

ఇంట్లో ఏసీ ఉన్నవారు రిమోట్‌లో హీట్ మోడ్ ఉందేమో చూసుకోండి. ఉంటే అది హీట్ పంపే. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, చలి ముదిరే కొద్దీ అది తగ్గుతుంది. చాలామంది ఇన్నేళ్లూ దాన్ని నొక్కి చూడనే లేదు.

ఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు. హీటర్ల కోసం పక్కన పెట్టిన డబ్బులో మిగిలినది అలాగే ఉంది. దాన్ని అద్దె ఇళ్లలో ఉండేవారి కిటికీలకు వాడదామని కమిటీ ప్రతిపాదన. యజమానులు ఒప్పుకోవాలి కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది.

ఇక సమావేశం ఎప్పటిలాగే సంఘం గదిలో. అందరి తలుపులూ సరిచేసే హడావుడిలో ఆ గది తలుపు కింద సందు అలాగే ఉండిపోయింది. స్వెటర్లు వేసుకుని రండి.

మీ
కార్యదర్శి